గుడ్డు పెట్టని పెట్టకు గింజలేల?

మనుష్యుని ఓర్పును పరీక్షించుటకు గొప్ప కష్టములు అవసరము లేదు. పెరటిలో నాలుగు పడుచు పెట్టలను ఉంచుకొని, అవి తొలిగుడ్డు పెట్టువరకు వేచియున్న చాలును. ప్రతి ఉదయమును గంపలోని గడ్డిలో చేయి పెట్టి చూచుట, ఏమియు దొరకక చేయి దులుపుకొని ఇంటిలోనికి వచ్చుట, ఇది చిన్న విషయమే. అయినను ఇందులో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. మనము పోషించిన దానినుండి ఫలమును కోరు హక్కు మనకు ఎంతవరకు కలదు? ఫలము రానప్పుడు ఆ పోషణ దండుగ అనవచ్చునా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో తటస్థపడలేదు. పామర్‌స్టన్ నార్త్‌లోని మా పెరటిలో తటస్థపడినది. జనవరి మాసమున పొదిగిన నాలుగు ఆర్పింగ్టన్ పెట్టలను తెచ్చి పెంచితిమి. పిల్లలు ఆనాడే గుడ్లు ఉంచుటకు ఒక గిన్నెను ప్రత్యేకించిరి. ఏ ఇంటికి ఎన్ని పంపవలెనో కూడ నిర్ణయమయ్యెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము! జూన్ వచ్చినది. పెట్టలు నిండుగా ఎదిగినవి. జూలై గడచినది. టరరువా కొండల మీదుగా వీచు చలిగాలికి అవి ఒకదానినొకటి ఒరసికొని కూర్చుండెడివి. దాణా బస్తా తరువాత బస్తా ఖాళీ అగుచుండెను. గంపలో గడ్డి మాత్రము చల్లగానే యుండెను.

ఒక ఆదివారము భోజనమునకు వచ్చిన బంధువొకరు పెరటిలోనికి తొంగిచూచి, "ఇంకా పెట్టలేదా? తిండి దండగ. కూర వండేయండి, పీడా పోతుంది" అనిరి. అందరమును నవ్వితిమి. మా అమ్మ మాత్రము నవ్వలేదు. "అవి మనల్ని అడిగి వచ్చాయా, బాబూ? మనమే తెచ్చుకున్నాం. గుడ్డు పెడతామని అవేమైనా కాగితం మీద వేలిముద్ర వేశాయా?" అని అడిగినది.

వేలిముద్ర అను ఆ ఒక్క మాట నన్ను చాలదినములు వెంటాడినది.

ముందుగా పెట్టల తప్పు ఎంతో విచారింతము. కోడి గుడ్డు పెట్టుటకు వయస్సొక్కటే చాలదు, వెలుతురు కావలెను. పగటివెలుగు కన్నులద్వారానే గాక కపాలమును దాటి మెదడును చేరి, దేహములోని గ్రంథులను మేల్కొల్పును. పగలు పొడవగుచున్న కొలది దేహము గుడ్డునకు సిద్ధపడును. మన పెద్దలు విడిచివచ్చిన విశాఖపట్నము భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17.7 డిగ్రీలలో నున్నది. వారు చేరిన ఫిజీలోని నాందీ దక్షిణమున సుమారు 17.8 డిగ్రీలలో నున్నది. అనగా వారు సముద్రములు దాటిరి గాని పగటి కొలతను దాటలేదు. రెండుచోట్లను మిక్కిలి చిన్న పగలు 11 గంటలు, మిక్కిలి పెద్ద పగలు 13 గంటలు పైచిలుకు. పామర్‌స్టన్ నార్త్ 40 డిగ్రీల దక్షిణమున నున్నది. ఇచట జూన్‌లో పగలు 9 గంటల పావు మాత్రమే. డిసెంబరులో 15 గంటలు. వాకిట కోళ్ళతో పుట్టి పెరిగిన అమ్మకు కూడ ఈ చలికాలపు మౌనము క్రొత్త. పెట్టలు సోమరులు కావు. అవి సూర్యునికొరకు వేచియున్నవి. మనము పెట్టలకొరకు వేచియుంటిమి. అంతియే భేదము.

తొందరపెట్టు ఉపాయములు లేకపోలేదు. గూటిలో దీపము పెట్టి పగటిని పొడిగింపవచ్చును. కాని దేహము పూర్తిగా ఎదుగకమునుపే దీపముతో మేల్కొల్పిన పెట్ట చిన్న గుడ్లు పెట్టును. కొన్నిటికి గుడ్డుసంచి వెలికి జారి ప్రాణమునకే ముప్పు వచ్చును. గుడ్డుపెంకునకు కావలసిన సున్నపుసత్తువ గల దాణాను మరీ ముందుగా మేపిన మూత్రపిండములు చెడును. త్వరపెట్టుటవలన కలుగు నష్టమును తొందరపడినవాడు భరింపడు, తొందరపెట్టబడిన ప్రాణి భరించును. ఈ సంగతి కోళ్ళకు మాత్రమే చెందినది కాదని పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వేలిముద్ర మాట. 1903 మొదలు 1916 వరకు చెన్నపట్టణపు రేవునుండి ఫిజీకి ఓడలెక్కినవారిలో మన తెలుగువారెందరో గలరు. వారి గిర్మిట్ ఐదు సంవత్సరములు. నియమించిన పని పూర్తిచేసిన పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. తొలి ఆరు మాసములు ఇచ్చిన బియ్యము, పప్పులకు దినమునకు నాలుగు పెన్నీలు వారి కూలినుండియే పట్టుకొనెడివారు. పని పూర్తికాకున్న కూలి లేదు. న్యాయస్థానమునకు ఈడ్చి జరిమానా వేయుటయు కలదు. జ్వరమో, బాలింతతనమో, నేల గట్టిదనమో, సర్దారు పగయో, కారణమేదైనను కొలబద్ద ఒక్కటే: ఈనాడు ఎంత చేసితివి? మనిషికి విలువ లేదు, మనిషి పెట్టు గుడ్డుకే విలువ. 1920 జనవరి 1వ తేదీన ఆ ఒప్పందములు రద్దయినవి. కాని కొలబద్ద రద్దయినదా? మా భోజనాల బల్లవద్ద అది మరల తల యెత్తినది. ఆ కొలబద్దతో కొట్టబడినవారి మనుమలము, దానిని చేతపట్టుకొని నవ్వితిమి.

ఎదురుచూపు రెండు విధములు. అప్పిచ్చినవాడు గడువుకొరకు ఎదురుచూచును. తల్లి బిడ్డ నడకకొరకు ఎదురుచూచును. ఇద్దరికిని కోరిక కలదు. కోరిక ఉండుట దోషము కాదు. ఫలాపేక్ష వలదని గీత బోధించునని మనము సభలలో చెప్పుకొందుము. గుడ్డు మీద ఆశ లేనివాడు కోళ్ళను పెంచనే పెంచడు గదా యని కొందరు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ సమంజసమే. అయితే నాకు తోచిన అర్థమిది: ఫలమును కోరవచ్చును, కాని ఫలమును ధర్మమునకు షరతుగా పెట్టరాదు. నేను గింజలు వేయుట నా ధర్మము, ఏలయన వాటిని కంచెలో పెట్టి తమ మేతను తాము వెదకుకొను స్వేచ్ఛను తీసివేసినవాడను నేను. గుడ్డు పెట్టుట వాటి ప్రకృతి. నా ధర్మము వాటి ప్రకృతికి బదులుగా ఇచ్చు వెల కాదు.

దీనికి బలమైన సమాధానమొకటి కలదు. మన అవ్వలు, తాతలు పెట్టని కోడిని కోసికొనలేదా? కోసికొనిరి. లైన్లు విడిచి కౌలునేల పట్టి చెరకు వేసిన కుటుంబములలో పిడికెడు నూకలకు కూడ లెక్క యుండెను. బిడ్డ ఆకలియు, కోడి ఆకలియు ఎదురుపడినచోట వారు చేసినదానిని తప్పుపట్టు అర్హత నాకు లేదు. అవసరము వేరు, అలవాటు వేరు. వారి అవసరమును మన అలవాటునకు సాకుగా చెప్పుకొనుట వారిని గౌరవించుట కాదు. ఈ న్యూజిలాండు దేశమే 2015లో చట్టమును సవరించి జంతువులకు సుఖదుఃఖములు తెలియునని అంగీకరించినది. రెక్క చాపుటకు చోటు లేని పాత ఇనుప పంజరములలో గుడ్లకోళ్ళను ఉంచుటను 2023 ఆరంభమునుండి నిషేధించినది. సర్వభూతములయందు దైవము కలదని పూజలలో వల్లించు మనము చట్టముకన్న వెనుకబడవచ్చునా?

సోదర సోదరీమణులారా, ఈ విచారము పెరటితో ముగియదు. మన ఇండ్లలోనికి వచ్చి చూడుడు. పెండ్లియై రెండేండ్లు నిండిన కోడలిని ప్రతి విందులోను "ఏమైనా విశేషమా?" అని అడుగుచున్నాము. 1987 సైనిక తిరుగుబాటు పిమ్మట ఫిజీ విడిచి ఈ దేశమునకు వచ్చినవారిలో చదివిన చదువుకు తగిన ఉద్యోగము దొరకక సంవత్సరములు వేచినవారు గలరు. వారిని సాటివారు చూచిన చూపు వారికి ఇంకను జ్ఞాపకమున్నది. పరీక్ష తప్పిన బాలుని ముందు వాని చదువునకైన ఖర్చును లెక్క కట్టుచున్నాము. వీరిలో ఎవరును మన గింజలకు బదులుగా వేలిముద్ర వేసినవారు కారు. ఏ జూన్ మాసపు చీకటిలో ఎవరు వేచియున్నారో బయటివారికి తెలియదు.

ఓర్చినమ్మకు తేటనీరు అని సామెత. మంచి మాటయే. కాని తేటనీటికొరకే ఓర్చినయెడల, నీరు తేరనినాడు ఆ ఓర్పు కోపముగా మారును. నీరు తేరినను తేరకున్నను కుండను పగులగొట్టకుండుటయే ఓర్పునకు అసలు పరీక్ష.

ఆగస్టు చివర, పగలు 11 గంటలకు చేరువైన దినములలో, ఒక పెట్ట తలమీది జుట్టు ఎర్రబారినది. నాలుగు దినములకు గంపలో గోధుమవన్నె గుడ్డొకటి కనబడినది, చిన్నది, ఇంకను వెచ్చగానున్నది. పిల్లలు కేకలు వేసిరి. మూడు పెట్టలు వరుసగా మొదలిడినవి. నాలుగవది ఆ సంవత్సరమంతయు పెట్టలేదు. అమ్మ నాలుగింటికిని సమముగనే గింజలు చల్లుచుండెను. రెండుమూడేండ్లలో తక్కిన మూడును తగ్గిపోవును. అప్పుడు మరల అదే ప్రశ్న మా గుమ్మమునకు వచ్చును. ఏనాడో మనకును వృద్ధాప్యము వచ్చి, ఈ చేతులు ఏమియు సంపాదింపలేని దినమున, మన బిడ్డలు మన పళ్ళెములో వడ్డించుచు ఏమి తలచవలెనని కోరుదుమో, ఆ తలపుతోనే నేటి గింజలు చల్లుదుము గాక.