శౌచం ప్రహరీ దగ్గర ఆగుతుందా?

పొద్దున్నే కాలు మోపే ముందు భూమికి క్షమాపణ చెప్పుకోవడం మా అమ్మ నేర్పిన అలవాటు. అడుగు పెట్టినందుకే మన్నించమని వేడుకునే మనం, అదే తల్లి ఒడిలోకి మరుగుదొడ్డి నీళ్లు ఎలా వదలగలం? హోసూరు శివార్లలో ఇల్లు మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

వాస్తు చూసినాయన బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో అన్నారు. ఆ శాస్త్రమంటే నాకు గౌరవమే. కానీ మా వాయవ్యం గోడకు అవతల, నాలుగడుగుల్లోనే పక్కింటివాళ్ల బోరు. నేల వాలు కూడా అటే. నా ఇంటికి దిక్కులు కుదిరాయని వాళ్ల పిల్లలు తాగే నీళ్లలో నా మైల కలిస్తే అది ధర్మమెలా అవుతుంది?

ట్యాంకు నీటిని శుభ్రం చేస్తుందని చాలామంది నమ్మకం. అది మడ్డిని అడుగుకు దించుతుంది, కొంత కుళ్లబెట్టి తగ్గిస్తుంది, అంతే. బయటికొచ్చే నీళ్లలో రోగక్రిములు అలాగే ఉంటాయి. వాటి పని పట్టేది గాలి ఆడే పైమట్టి, అందులోని సూక్ష్మజీవులు. మా కృష్ణగిరి జిల్లాలో చాలాచోట్ల ఆ మట్టి లోతు తక్కువ, కింద రాయి. రాతి పగుళ్లలో పడ్డ మురుగు వడపోత లేకుండా పరుగెడుతుంది. మన బోర్లు నీళ్లు తోడేదీ ఆ పగుళ్ల నుంచే. అందుకే లోతైన రింగుల గుంత వద్దన్నాను. మీటరు లోతు మించకుండా పొడవాటి కాలువలు తీసి, కంకర పరిచి, చిల్లుల పైపు వేయాలి. దానికి ముందు చిన్న గుంత తవ్వి రాత్రంతా నీళ్లతో నానబెట్టి, మర్నాడు 25 మిల్లీమీటర్ల నీరు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూశాం. గంట దాటితే ఆ నేల పనికిరాదు. ఆ గుంత పక్కన కూర్చున్నప్పుడు నాకు ఒకటి తోచింది: భూమిని ఎంత మోయగలవని ముందు అడిగి, అంతే ఇస్తే అది అపచారం కాదు.

ఇంటికి దూరంగా, బాణం వేటు దాటి మలవిసర్జనకు వెళ్లమంది విష్ణుపురాణం. మురుగు ఇంకే చోటుకూ తాగునీటికీ మధ్య 18 మీటర్ల ఎడం ఉంచమంటుంది భారత ప్రమాణం ఐఎస్ 2470. రెండు చోట్లా నాకు కనిపించేది ఎదుటివాడి మీద కనికరమే.

బెంగళూరు వైపు మురుగు దక్షిణ పినాకిని నదిలో కలిసి కెలవరపల్లి జలాశయం దగ్గర నురుగై పొంగినప్పుడల్లా మనం మండిపడతాం. మండిపడాలి కూడా. అయితే మన గోడకు దిగువనున్నవాళ్లకు ఎగువవాళ్లం మనమే.

నాకు కాస్త స్థలం ఉంది గనుక వాయవ్యం వదిలి, ఇంటి ముందు కాలువలు తీస్తే 18 మీటర్ల ఎడం దొరికింది. కానీ 30 అడుగులకు 40 అడుగుల సైటులో మూల నుంచి మూలకు కొలిచినా 50 అడుగులే, అంటే 15 మీటర్లు. ఇంటికో బోరు, ఇంటికో గుంత ఉన్న చోట ఎంత నిష్ఠాపరుడైనా ఒంటరిగా శౌచం పాటించలేడు. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. మా పక్కన కొత్త లేఅవుటుకు రాళ్లు పాతుతున్నారు. తాగునీటికి అందరికీ కలిపి ఎగువన ఒక బోరు, మురుగంతా చేర్చి శుద్ధి చేయడానికి దిగువన కొంత జాగా ఇప్పుడే వదలమని సైట్లు కొన్నవాళ్లను ఇంటింటికీ వెళ్లి అడుగుతున్నాను. మా హోసూరు చంద్రచూడేశ్వరుడి తేరుకు చందా ఇచ్చే చేతులే దీనికీ ముందుకు రావాలి.