శుక్రాచార్యుల వారి పాత్రలో ఎవరున్నారు?

ఈ వారం వీడియోలో కచుడి కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక ఒక మాట వదిలేశాం, అది ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా మా అడ్డతీగల వైపు అమ్మానాన్నల కోసం.

వీడియో చూడనివాళ్ళకి కథ క్లుప్తంగా. భారతం ఆదిపర్వంలో ఉంది. బృహస్పతి కొడుకు కచుడు మృతసంజీవని విద్య కోసం శుక్రాచార్యుల దగ్గర శిష్యుడిగా చేరాడు. రాక్షసులకి గిట్టలేదు. చంపారు, గురువుగారు బతికించారు. చివరికి కాల్చి బూడిద చేసి, దాన్ని మద్యంలో కలిపి ఆయనకే ఇచ్చారు. తాగేశారు! చచ్చినవాళ్ళని బతికించే విద్య ఉన్న మనిషి, తన చేతిలోని పాత్రలో తన పిల్లాడే ఉన్నాడని కనిపెట్టలేకపోయారు.

నేను ఆగిపోయేది ఇక్కడే. ఎందుకంటే మన ఊళ్ళలో పద్నాలుగేళ్ళ పిల్లాడు మొదటిసారి రుచి చూసేది వైన్ షాపులో కాదు. అక్కడ 21 ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మకూడదని చట్టం ఉంది (బెల్టు షాపులవాళ్ళకి అది పట్టదనుకోండి). మొదటి గుక్క ఇంట్లోనే. పెళ్ళిలోనో, మామిడి కొత్త పండగలోనో, "కొంచెమేరా, ఏం కాదు" అని మావయ్యో తాతో అందిస్తారు.

పొద్దున్నే దింపిన జీలుగు కల్లు తియ్యగా ఉంటుంది, అందుకే పిల్లలకి పర్లేదనుకుంటాం. కానీ కుండలో పడ్డప్పటినుంచే పులియడం మొదలవుతుంది, మధ్యాహ్నానికి ఇంకా ఘాటెక్కుతుంది. పిల్లల ఒళ్ళు చిన్నది, రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పొచ్చు. మెదడు ఎదుగుదల ఇరవై దాటాక కూడా సాగుతూనే ఉంటుంది. చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్ళు బానిసలయ్యే అవకాశం ఎక్కువ. ఇక నాటుసారా సంగతి చెప్పక్కర్లేదు.

"కల్లు మా కొండల ఆచారం బాబూ" అంటారు పెద్దలు. కాదనను. 1879లో రంప పితూరీ లేవడానికి ఒక పెద్ద కారణం ఆ కల్లు మీద సర్కారు పెట్టిన పన్నూ, గుత్తేదార్ల పెత్తనమే. అయితే 1922లో మన అడ్డతీగల పోలీస్ స్టేషన్ మీదికి వచ్చిన అల్లూరి సీతారామరాజు గారు కూడా ఈ కొండల్లోనే తిరిగి, తాగుడు మానమని మన పెద్దలకి చెప్పారు. ఆచారం తెలియకా చెప్పింది?

మళ్ళీ కథలోకి. కచుడు కడుపులోంచి పలికాడు. వాడు బయటికి రావాలంటే గురువుగారి పొట్ట చీలాలి. ఆయన ఒప్పుకుని, లోపలున్నవాడికే విద్య నేర్పి, ప్రాణం వదిలారు. కచుడు బయటికొచ్చి గురువుని బతికించాడు. అప్పుడు శుక్రాచార్యులు తాగుడు మహాపాపమని కట్టడి చేశారు. గమనించండి, ఆ కట్టడి రాక్షసులకో కుర్రాళ్ళకో కాదు, ముందుగా తనలాంటి పెద్దలకి. మనల్ని ఎవరూ పొట్ట చీల్చుకోమనడం లేదు, పిల్లాడి ముందు గ్లాసు దించమంటున్నారు, అంతే.

వచ్చే మామిడి కొత్తకి పిల్లలకి వేరే బిందెలో బెల్లం పానకం పెట్టండి. కల్లు కుండ తెమ్మని వాళ్ళని చెట్టు దగ్గరికి పంపకండి. ఇప్పటికే అలవాటైన పిల్లాడుంటే కొట్టొద్దు, డాక్టరుగారికి చూపించండి. 14446కి ఫోన్ చేసినా సలహా చెప్తారు, డబ్బులు పడవు.

వచ్చే వారం వీడియోలో దేవయాని కచుడికి ఇచ్చిన శాపం గురించి.