చెక్కు, బాకీ, నీతి

వేంకటేశ్వరుడు పెళ్ళి ఖర్చులకు కుబేరుని దగ్గర అప్పు చేసి, బ్రహ్మనూ శివుణ్ణీ సాక్షులుగా పెట్టి పత్రం రాసి యిచ్చాడనే కథ మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో పసివాళ్ళకు కూడా తెలుసు. అసలు తీరలేదట, యుగాంతం దాకా వడ్డీయే కడుతూ వుంటాడట. అందుకే ఆయన వడ్డికాసులవాడైనాడు. భక్తులు ఈ కథను భక్తితో వింటారు. మనం దానిలోని సమాజాన్ని చూడవలసి వున్నది. దేవుడికి సైతం పత్రమూ, సాక్షులూ, వడ్డీ తప్పవని ఊహించిన ప్రజలు అప్పును ఎంత దగ్గరగా ఎరిగినవారై వుండాలి! కొండమీద కానుకలు వేసే కొప్పెరనూ, వర్తకులు డబ్బు కోసం రాసుకున్న పత్రాన్నీ తెలుగువాడు ఒకే మాటతో, హుండీ అని, పిలిచాడు.

ఆ పత్రాల వంశంలో కడపటిది చెక్కు. 1881 నాటి చట్టం ప్రామిసరీ నోటుతోను, బిల్లుతోను పాటు దానికీ నిర్వచనం యిచ్చింది. ఇప్పుడు దానికి కాలం చెల్లుతున్నది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 8న పెద్దనోట్లు రద్దయినవి. ఆ వెంటనే డిజిటల్ చెల్లింపుల కోసం కేంద్రం నియమించిన ముఖ్యమంత్రుల సంఘానికి నాయకత్వం వహించినది చిత్తూరు జిల్లా నారావారిపల్లెలో పుట్టిన చంద్రబాబునాయుడే. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే యూపీఐ ద్వారా రెండువేల కోట్లకు పైగా చెల్లింపులు జరిగినవి. గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలమ్మే ఆమె గంప పక్కన కూడా స్కానరు అట్ట నిలబడి వున్నది. డబ్బు అందిందో లేదో ఆమె చూడనక్కరలేదు; చిన్న డబ్బా గొంతెత్తి చెబుతున్నది.

ఇది అభివృద్ధి కాదా? కాదనడం తెలివితక్కువతనం. చెక్కు ఏనాడూ ప్రజాబాహుళ్యానికి చెందినది కాదు. చెక్కుపుస్తకం వుద్యోగి జేబులో వున్నది, వర్తకుని బీరువాలో వున్నది. కూలివాడి ఇంట్లో లేదు. చిల్లర దొరకని బాధ, దొంగనోటు భయం కొంత తగ్గినందుకు చిన్నవ్యాపారి సంతోషిస్తే ఆ సంతోషం న్యాయమైనదే. కనుక కాగితం పోతున్నదని విలపించడం మన పని కాదు. మన ప్రశ్న వేరు: చెల్లించే పద్ధతి మారినప్పుడు, చెల్లించేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్యగల సంబంధం మారినదా?

మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ద్రవ్యానికి రెండు పనులను వేరుచేసి చూపాడు. వస్తువు చేతులు మారేటప్పుడే డబ్బూ మారడం ఒకటి. సరుకు నేడు పోయి, డబ్బు రేపు రావడం రెండవది. ఈ రెండవ సందర్భంలో అమ్మినవాడు ఋణదాత అవుతాడు, కొన్నవాడు ఋణగ్రస్తుడవుతాడు. ఈ విభజనను మనసులో పెట్టుకుంటే నేటి భ్రమ విడిపోతుంది. యంత్రం తగ్గించినది డబ్బు ప్రయాణం చేసే కాలాన్ని మాత్రమే. అమ్మకానికీ చెల్లింపుకూ మధ్య నిలిచే కాలాన్ని అది తాకలేదు. ఆ కాలాన్ని నిర్ణయించేది విద్యుత్తు కాదు, బలాబలాలు.

చిత్తూరు తోతాపురి మామిడిని తీసుకుందాం. 2025 సీజనులో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కాలన్నది: గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు. ధర ప్రకటించడం ఒకటి, ఆ ధర చేతికందడం మరొకటి. పండిన కాయ ఆగదు; ఫ్యాక్టరీ ఆగగలదు. ఆగలేనివాడు ఆగగలిగినవాడికి సరుకు అప్పగించి ఎదురుచూస్తాడు. మాట అప్పు అనకపోయినా అది అప్పే. వడ్డీ లేని అప్పు, పత్రం లేని అప్పు, బీదవాడు ధనికుడికి యిచ్చే అప్పు!

పూర్వం ఈ జాప్యానికి ఒక ముసుగు వుండేది. చెక్కు పోస్టులో వున్నది, బ్యాంకుకు సెలవు, క్లియరింగు కాలేదు అని చెప్పడానికి వీలుండేది. నేడు అర్ధరాత్రి కూడా డబ్బు రెప్పపాటులో పోగలదు. కనుక ఆలస్యం ఇక సాధనం లోపమని చెప్పుకోవడానికి వీలులేదు. అది ఒకరి నిర్ణయం. కొత్త యంత్రం చేసిన మేలు బహుశా ఇదే: జాప్యాన్ని నగ్నంగా నిలబెట్టింది.

రెండవ విషయం మరింత సూక్ష్మమైనది. చెక్కు అనేది న్యాయదృష్టిలో ఒక ఆజ్ఞ. ఖాతాదారు తన బ్యాంకును ‘ఫలానావారికి యింత యివ్వు’ అని ఆజ్ఞాపిస్తాడు. ఇచ్చే చెయ్యి అతనిది. నేడు వాయిదాలకు వాడే మాండేటు దీనికి తలక్రిందులు. తేదీ రాగానే అప్పిచ్చిన కంపెనీ ఖాతాలోనుంచి తానే తీసుకుంటుంది. ఇక్కడ చెయ్యి తీసుకునేవాడిది. ‘సంతకం చేసినది అతనే గదా?’ అంటారు. నిజమే. ఖాళీ చెక్కులమీద సంతకాలు చేసి షావుకారుకు హామీగా యిచ్చినవాడూ అతనే. అవసరం కలం పట్టించిన సంతకాన్ని పూర్తి సమ్మతి అనగలమా?

చట్టం ఎవరి పక్షాన త్వరపడిందో కూడా చూడాలి. ఖాతాలో డబ్బులేక చెక్కు చెల్లకపోతే 1988 సవరణ దానిని నేరం చేసింది. 2002 సవరణ శిక్షను రెండేళ్ళ జైలుదాకా పెంచింది. చెక్కు పోయినా ఆ బెత్తం పోలేదు. 2007 నాటి చెల్లింపు వ్యవస్థల చట్టం 25వ సెక్షను దానిని ఎలక్ట్రానిక్ చెల్లింపుకూ వర్తింపజేసింది. ఇక రైతు వైపు చూడండి. చెరకుకు 1966 నాటి ఉత్తర్వు 14 రోజుల గడువు పెట్టింది, జాప్యానికి ఏడాదికి 15 శాతం వడ్డీ విధించింది. గడువు కాగితంమీద వున్నంతమాత్రాన డబ్బు రాలదని చెరకు రైతులకు తెలుసు. మామిడి రైతుకు ఆ కాగితపు గడువు కూడా లేదు.

దీనికి విరుగుడు నోట్లకూ చెక్కులకూ తిరిగిపోవడమని కొందరు మిత్రులంటారు. అది గతంమీది మమకారమే గాని పరిష్కారం కాదు. ఫోను లేని ముసలమ్మ నోటు చాపితే కాదనకూడదు, సరే, అది కనీసమర్యాద. కాని అసలు కోరిక అంతకంటే పెద్దది కావాలి. కూలివాడి ఖాతాలోనుంచి అయిదో తేదీన వాయిదా లాగగల యంత్రం, సరుకు దించుకున్న పద్నాలుగో రోజున ఫ్యాక్టరీ ఖాతాలోనుంచి రైతు ధరను ఎందుకు లాగకూడదు? సాంకేతికంగా రెండూ ఒకే పని. ఒకటి జరుగుతూ రెండవది జరగకపోవడానికి కారణం యంత్రంలో లేదు, మన రాజకీయాలలో వున్నది.

మన కథల్లో అప్పుపత్రం పట్టుకొని గుమ్మంలో నిలబడిన షావుకారుకు ఒక ముఖం వుండేది. పాఠకుడు అతన్ని పోల్చుకోగలిగాడు, ద్వేషించగలిగాడు. నేటి బాకీకి ముఖం కనిపించడంలేదు. వాయిదా తప్పిందని ఫోనులో ఒక సందేశం వస్తుంది, అంతే. మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనిపించడమంటే ఏమిటో తరగతిలో విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. ఆ సందేశం వెనుక ఎవరున్నారో, రైతుకు రావలసిన డబ్బు ఎవరి ఖాతాలో ఆగి వున్నదో రచయితలు రాయాలి. రైతుసంఘాలు ఆ పద్నాలుగు రోజుల గడువునూ, ఆ మాండేటునూ అడగాలి.