ప్రైజ్ కోసం మొక్కుకోవచ్చా?

పోయిన వారం కర్మయోగం గురించి మాట్లాడుకున్నాం కదా. పోటీలో పేరు ఇచ్చాక ఫలితం గురించి ఆలోచించకుండా ఎలా ఉంటామని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

థింక్‌క్వెస్ట్ అని ఒక పోటీ ఉండేది. 1996లో అమెరికాలో మొదలైంది. స్కూలు పిల్లలు జట్టుగా కలిసి, ఒక టీచర్ సాయంతో, తోటి పిల్లలకి పనికొచ్చే వెబ్‌సైట్ తయారుచేసి పంపాలి. తర్వాత దాన్ని ఒరాకిల్ వాళ్ళ ఫౌండేషన్ నడిపింది. దేశదేశాల పిల్లలు చేసిన సైట్లు వేలల్లో పోగయ్యాయి. 2013లో ఆ లైబ్రరీ మూసేశారు. ప్రైజ్ వచ్చినవీ రానివీ ఒకేసారి వెళ్ళిపోయాయి. ఆ పిల్లలు నేర్చుకున్న పని మాత్రం వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది కదా!

ఈమధ్య నెల్లూరు దగ్గర కోవూరులో సత్సంగం అయ్యాక, పదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చింది. ముగ్గురు కలిసి స్కూలు పిల్లల వెబ్ డిజైన్ పోటీకి పాటూరు చేనేత మీద సైట్ చేస్తున్నారట. "అన్నా, జొన్నవాడ కామాక్షమ్మకి మొక్కుకుందామనుకుంటున్నా. ఫలితం అడక్కూడదని మీరే చెప్పినారు గదా?" అంది.

అడుగమ్మా అన్నాను. అమ్మని కాకపోతే ఎవర్ని అడుగుతావు? గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన నలుగురు భక్తుల్లో అర్థార్థి, అంటే ఏదో కావాలని వచ్చేవాడు కూడా ఉన్నాడు. ఆ నలుగురూ ఉదారులేనన్నాడు స్వామి. అడగడం తప్పైతే అలా అనేవాడా? మనం తరచూ వదిలేసేది రెండో అధ్యాయం 47వ శ్లోకం చివరి పాదం. ఫలం నీ చేతిలో లేదు కదా అని పని మానేయొద్దంటుంది అది. మనవాళ్ళు దాన్ని 'లైట్ తీస్కో' అని అర్థం చేసుకుంటారు!

ఆ గీత ఉన్న భీష్మపర్వాన్ని తెలుగు చేసింది తిక్కన. ఆయన ఊరని చెప్పుకునేది ఆ పాటూరునే. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధి రాజుకి అంకితమిచ్చాడు. పదిహేను పర్వాల భారతాన్ని మాత్రం హరిహరనాథుడికి ఇచ్చాడు. రాజుకి ఇవ్వడం తప్పని కాదు. కానీ చూసేవాడు మారితే పని చేసే తీరు కూడా మారుతుందని నాకనిపిస్తుంది.

ఇంకేం పని మిగిలిందని అడిగాను. "ఫొటోలకి ఆల్ట్ టెక్స్ట్ రాయాలన్నా. రెండ్రోజులే ఉంది. జడ్జీలకి అది కనపడదు, వదిలేద్దామంటున్నారు మావాళ్ళు."

తెలియనివాళ్ళకి చెప్తాను. ఆల్ట్ టెక్స్ట్ అంటే ఫొటో వెనక కోడ్‌లో రాసే వివరణ. చూపు లేనివాళ్ళ ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. అది లేకపోతే వాళ్ళకి అక్కడ ఫొటో లేనట్టే.

"జడ్జీకి కనపడదు సరే, కామాక్షమ్మకి?" అన్నాను. నవ్వేసింది. మగ్గం ఫొటోకి ఏం రాస్తావో ఇప్పుడే చెప్పమని కళ్ళు మూసుకున్నాను.

కాసేపు ఆలోచించి మొదలుపెట్టింది. "నేలలో గుంట... గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒక తాత కూర్చోనుండాడు. చేతిలో..." అని ఆగి, "ఉండన్నా, చేతిలో ఏముందో సరిగ్గా చూసొస్తా" అంది.