సలేశ్వరం ప్లాన్‌లో నేను రాయని లైను

చైత్ర పౌర్ణమి దగ్గర పడుతోంది. మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే ప్రశ్న: "సలేశ్వరం ఎప్పుడు పోదాం?" పోయిన ఏడాది ప్లాన్ చేసింది నేనే కాబట్టి ఈసారి కూడా గూగుల్ షీట్ నా నెత్తిమీదే పడింది. పాత షీట్ తెరిచాను. మొత్తం చదివి, ఏమీ రాయకుండా మూసేశాను. ఎందుకో చెప్తాను.

తెలియని వాళ్ల కోసం ముందు రెండు మాటలు. సలేశ్వరం నల్లమల అడవిలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఏడాదిలో చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే అటవీశాఖ దారి తెరుస్తుంది. మిగతా రోజులు ఆ అడవి పులులది, అక్కడి పెంటల్లో బతికే చెంచులది. లింగమయ్యకు పూజ చేసేదీ చెంచులే. మనం చుట్టాలం మాత్రమే. ఈ సంగతి గుర్తుంటే ప్లాస్టిక్ తీసుకెళ్లొద్దు, పాటలు పెట్టొద్దు అని వేరే చెప్పాల్సిన పనిలేదు.

ప్లానింగ్ పరంగా సలేశ్వరంలో ఒక తిరకాసు ఉంది. మామూలుగా కొండ ఎక్కితే కష్టం ముందు, సుఖం తర్వాత. పైకి చేరేసరికి మన ఓపిక ఎంతో మనకే తెలిసిపోతుంది, మిగిలింది దిగడమే. ఇక్కడ తలకిందులు. నాలుగైదు కిలోమీటర్ల నడకలో చివరికి లోతైన లోయలోకి దిగాలి. రాళ్లు, ఇరుకు దారి, ఒక పక్క గోడలాంటి కొండ. స్వామి అడుగున, జలపాతం పక్కన గుహలో ఉంటాడు. దర్శనం అయ్యాక, మిట్టమధ్యాహ్నం, ఏప్రిల్ ఎండలో అసలు ఎక్కుడు మొదలవుతుంది. దిగేటప్పుడు "నేను బాగానే ఉన్నా" అన్న మాటను నమ్మడానికి లేదు. జనం రద్దీ వేరే. 2023 జాతరలో ఆ రద్దీలో భక్తులు ప్రాణాలు కోల్పోయినట్టు వార్తలొచ్చాయి కూడా.

ఇవన్నీ నా షీట్‌లో ఉన్నాయి. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. అందుకని హైదరాబాద్‌లో 3 గంటలకే బయలుదేరాలని రాశాను. మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, నిమ్మకాయలు, పులిహోర, టార్చి, పవర్ బ్యాంక్. లోపల సిగ్నల్ ఉండదని ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నాం. ఆఫీసులో రిలీజ్ ప్లాన్ రాసినంత శ్రద్ధగా రాశాను. రిలీజ్ ప్లాన్‌లో ఒక కాలమ్ తప్పనిసరిగా ఉంటుంది: ఏదైనా ఫెయిలైతే వెనక్కి రావడం ఎలా? అది మాత్రం ఇందులో లేదు.

మేం ఐదుగురం. నలుగురు ఫ్రెండ్స్, మా చిన్నాయన. దేవరకొండ నుంచి ముందురోజే వచ్చి నా రూమ్‌లో పడుకున్నాడు. యాభై ఎనిమిదేళ్లు. సలేశ్వరం చూడాలని ఎన్నో ఏళ్ల కోరిక. దిగుడు సగం అయిందో లేదో, ఒక బండ మీద కూర్చుండిపోయాడు. మొహమంతా చెమట.

"కాళ్లు పట్కపోయినయ్ రా. మీరు పోయిరాండ్రి, నేనీడ కూసుంట."

నేను వాచీ చూసుకున్నాను. ఇది నాకు బాగా గుర్తుంది. ఆయన మొహం కంటే ముందు వాచీ చూసుకున్నాను. షీట్ ప్రకారం అప్పటికే నలభై నిమిషాలు లేటు. ఒక నీళ్ల సీసా ఇచ్చి, "ఇక్కడే ఉండు చిన్నాయనా, గంటలో వస్తా" అని దిగిపోయాను. రెండున్నర గంటలు పట్టింది. తిరిగొచ్చేసరికి బండ మీద ఆయన లేడు. ఫోన్ కలవదు. పై దాకా వెతుక్కుంటూ ఎక్కాను. ఆ గంట గురించి ఎక్కువ రాయలేను. పైన ఒక చెట్టు కింద ఉన్నాడు. ఎవరో ముక్కూమొహం తెలియని కల్వకుర్తి వాళ్లు చెరో చెయ్యి పట్టి ఎక్కించారట, మజ్జిగ కూడా తాగించారట.

నన్ను ఒక్క మాట అనలేదు. "దర్శనం బాగయిందా?" అని అడిగి, కుడి చెయ్యి చాపాడు. తీర్థం కోసం. నా దగ్గర నలభై ఫొటోలున్నాయి, చుక్క నీళ్లు లేవు.

అప్పటి నుంచి మహాప్రస్థానిక పర్వం నన్ను వదలడం లేదు. పాండవులు ద్రౌపదితో కలిసి హిమాలయాలు దాటి నడుస్తుంటే ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడడు. అదే ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలితేనే స్వర్గానికి రథం ఎక్కమని ఇంద్రుడంటే, నాకు ఆ స్వర్గం వద్దంటాడు. చిన్నప్పుడు ఇది నాకు అన్యాయంగా అనిపించేది. భార్యను, తమ్ముళ్లను వదిలినవాడికి కుక్క మీద ఇంత ప్రేమేంటి? ఇంద్రుడూ సరిగ్గా ఇదే అడుగుతాడు. ధర్మరాజు జవాబు ఏంటంటే, చనిపోయినవాళ్లను నేను బతికించలేను, వాళ్లు బతికుండగా మాత్రం వదల్లేదు అని. కుక్క బతికుంది, తనను నమ్ముకొని వెంట వచ్చింది. తేడా అక్కడ.

ఈ లెక్కన నా పరిస్థితి చూసుకుంటే నిద్ర పట్టదు. మా చిన్నాయన బతికే ఉన్నాడు, నన్ను నమ్ముకొనే వచ్చాడు.

ఆ కథలో నాకు ఇంకో ముల్లు గుచ్చుకుంది. ఒక్కొక్కరు పడినప్పుడల్లా భీముడు "ఎందుకు పడ్డారు?" అని అడుగుతాడు, ధర్మరాజు ఒక్కో దోషం చెప్తాడు. ద్రౌపదికి అర్జునుడి మీద పక్షపాతం, సహదేవుడికి తెలివి గర్వం, అలా. మేమూ అదే చేశాం! లోయలోకి దిగుతూ మాట్లాడుకున్నాం: "రోజూ వాకింగ్ చేయడు కదా", "బీడీలు మానమంటే వింటాడా". ఒక్కటీ అబద్ధం కాదు. కానీ పడినవాడి తప్పు దొరికితే మన నడక తేలికవుతుంది. ధర్మరాజు గురించి తీర్పు చెప్పేంతటి వాణ్ణి కాదు నేను. నా వరకు మాత్రం ఆ మాటలు కాళ్లకు నూనె రాసినట్టు పనిచేశాయి.

మరి ఆయనే పొమ్మన్నాడు కదా అంటారు మా ఫ్రెండ్స్. నిజమే. కానీ ఆ ప్రశ్న ఎక్కడ వచ్చిందో చూడండి. సగం లోయలో, నలుగురు కుర్రాళ్లు నిలబడి చూస్తుంటే, వెనక జనం తోసుకొస్తుంటే, మన ఇళ్లలో ఏ పెద్దమనిషైనా "నా కోసం ఆగండి" అంటాడా? ఇంకో జవాబు చెప్పే సందు ఆయనకు నేను మిగల్చలేదు. నా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు బయట నిలబడిన మనిషి ఆయన. నన్ను ఆగమని అడుగుతాడని ఎలా అనుకున్నాను?

అలాగని ఒకరు ఆగితే అందరూ వెనక్కి రావాలా? నాకు అలా అనిపించదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి వచ్చిన మిగతావాళ్ల భక్తి కూడా భక్తే. ధర్మరాజు కూడా తన స్వర్గాన్నే వద్దన్నాడు, పక్కవాడి స్వర్గాన్ని కాదు. ఒక్కరు ఆగితే చాలు. ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లో, చల్లగా కూర్చున్నప్పుడే తేలాలి. లోయలో తేల్చాలంటే వాచీలే తేలుస్తాయి. పూజకు ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా. ఎక్కడున్నాం, ఏ రోజు, ఎవరం, ఎందుకు అని. మన వైపు ఊళ్లలో ఆ "ఎక్కడ" కూడా శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో లెక్కకట్టే చెప్తారు. అందులో చాలాసార్లు "సహకుటుంబానాం" కూడా వస్తుంది. నేను ఇన్నేళ్లూ దాన్ని గబగబా దాటేసే మాటగానే విన్నాను.

పోయిన ఆదివారం చిన్నాయనకు ఫోన్ చేశాను. ఈసారి దిగుడు మొదలయ్యే చోటే ఆగుదాం, నీతో నేనుంటా, వాళ్లు పోయొస్తారు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"నువ్వెందుకురా నాకు కావలి? మజ్జిగ పోసినోళ్లు మళ్లొస్తరేమో, కూసుంట."

"నేనుంటా చిన్నాయనా. షీట్‌లో రాసేసిన."

"సరే తియ్యి. ఆ పోరగాండ్లకైనా యాది చెయ్యి, నీళ్లు తెమ్మని."

సామాన్ల వరుసలో ఒకటి కలిపాను: స్టీల్ సీసా, ఖాళీది, 1.