సంతలో అమ్మకూడనిది

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీకి వెళ్తే సెంట్రల్ మార్కెట్ చూడండి. కూరగాయలు, మసాలా దినుసులు, వేడివేడి ధోల్‌పూరీ, జోరుగా బేరాలు. అక్కడికి దగ్గర్లోనే రేవు, ఆప్రవాసీ ఘాట్. బానిసత్వం రద్దయినా చెరకు తోటలకు మనుషులు కావాలి కదా! 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది కూలీల్ని ఒప్పందం మీద తెచ్చారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కోరంగి రేవు పేరుతో వాళ్లని ‘కోరంగీలు’ అన్నారు.

బుద్ధుడు వద్దన్న ఐదు వ్యాపారాల్లో ‘సత్త వణిజ్జ’ ఒకటి. అంటే మనుషుల్ని అమ్మడమేనని అట్ఠకథ చెప్తుంది. వేలిముద్ర వేశాడుగా, ఇది అమ్మకం ఎలా అవుతుందంటారు కొందరు. ఆకలి వేయించిన వేలిముద్ర ఒప్పుకోలేనా? బేరం కుదరకపోతే కొనేవాడు వెళ్లిపోవచ్చు. పని వదిలి వెళ్లిన కూలీకి మాత్రం జైలు. ఇవాళ గల్ఫ్‌లో మనవాడి పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే, దాన్ని ఏ వ్యాపారం అనాలి?