ద్రౌపది అడిగింది రాజ్యాన్నే

ఓడిపోతామని తెలిసి కూడా ఎన్నికల్లో నిలబడటం నిష్కామకర్మేనంటారు మా చీమకుర్తి గుళ్లో గీత చెప్పే పెద్దాయన. 2024లో గుంటూరు లోక్‌సభకు సీపీఐ తరఫున జంగాల అజయ్‌కుమార్ నిలబడినప్పుడు అన్నారీ మాట, మెచ్చుకోలుగానే. బళ్లో పిల్లలకు భారతం చెప్పి రిటైరైనదాన్ని. నాకు దేవుడంటే నమ్మకం, ఎర్రజెండా అంటే కూడా నమ్మకమే. ఆ మెచ్చుకోలు మాత్రం నాకు మింగుడు పడలేదు.

గుంటూరులో పోటీ ఎవరితోనో చూడండి. తెలుగుదేశం అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ అఫిడవిట్లో చూపిన ఆస్తి 5,700 కోట్ల పైమాట. ఆ ఎన్నికల్లో దేశం మొత్తంమీద అంత ఆస్తి చూపిన అభ్యర్థి ఇంకొకరు లేరు. ఇవతల కంకి కొడవలి గుర్తు. అప్పటికి ఏడాది ముందే, 2023 ఏప్రిల్‌లో, పార్టీకి జాతీయ హోదా పోయింది. లోక్‌సభకు జనరల్ అభ్యర్థి కట్టే డిపాజిట్ 25,000 రూపాయలు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అదీ పోతుంది.

పోలింగ్‌కు ముందు ప్రత్తిపాడు వైపు మా తమ్ముడి ఊళ్లో ఉన్నాను. కల్లంలో ఆడవాళ్లు చివరి కోత మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు. ముక్కులకు కొంగులు కట్టుకున్నా ఘాటుకి ఒకటే దగ్గు. మా మేనల్లుడు సీపీఐ కరపత్రాలు పట్టుకుని పోయి వాళ్ల పక్కనే గోనెపట్టా మీద కూచున్నాడు. ఒకామె చేతిలో కాయ వదలకుండానే, "నువ్వు మంచోడివేలే అబ్బాయ్, మీకేస్తే ఓటు మురిగిపోద్ది గదా" అంది. "గెలిపించమని అడగటానికే వచ్చానక్కా" అన్నాడు వాడు. ఆ తర్వాత కూలి ఎంతిస్తున్నారు, తాలు ఎక్కువైతే కోస్తున్నారా అని అడిగాడు. జవాబులన్నీ కరపత్రం వెనక రాసుకున్నాడు.

గీతలో వదలమన్నది ఎవరి ఫలాన్ని? నా పనికి నాకు దక్కేదాని మీద ఆశని. ఆ కల్లంలో ఆడవాళ్ల కూలి మా మేనల్లుడి ఫలం కాదు. మా ఊరి క్వారీలో గెలాక్సీ రాయి కోసే ఒడిశా, బీహారు కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ము ఏ అభ్యర్థికీ సొంత విషయం కాదు. తనది కానిదాన్ని త్యాగం చేయడానికి ఎవరికి హక్కుంది? కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్యగారు వదిలింది తన సొంతాన్ని. ఆస్తి పార్టీకిచ్చేశారు, ఆయనా భార్య లీలగారూ పిల్లలే వద్దనుకున్నారు. గెలవాలనే కోరికను మాత్రం ఆయన ఏనాడూ వదల్లేదు.

భారతం వనపర్వంలో ఈ వాదన ముందే జరిగింది. ధర్మాన్ని ఫలం కోసం చేసేవాడు ధర్మంతో బేరమాడే వ్యాపారి అన్నాడు ధర్మరాజు. గొప్ప మాటే. ద్రౌపది ఊరుకోలేదు. రైతు దున్ని విత్తనం వేసి వాన కోసం చూస్తాడు, కురవకపోతే ఆ తప్పు అతనిది కాదు, అలాగని దున్నకుండా కూచోకూడదు అంది. అడవిలో ఉండి కూడా ఆమె అడిగింది రాజ్యాన్నే. మెట్ట మీద పత్తి, మిరప వేసే మా వైపు రైతుకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ వాన ఒకప్పుడు ఇక్కడ కురిసిందే. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు ఓట్లు 31 శాతం దాకా వచ్చాయి, సీట్లు మాత్రం 196లో 15. 1962లో ఒంగోలు నుంచి మాదాల నారాయణస్వామి సీపీఐ తరఫున లోక్‌సభకు వెళ్లారు. తర్వాతి ఎన్నికల్లో ఆ సీటు సినిమా నటుడు జగ్గయ్యగారితో కాంగ్రెస్‌కు పోయింది. మధ్యలో 1964లో పార్టీయే రెండుగా చీలింది. ఆ చీలికను వాన ఖాతాలో వేయలేం. క్వారీల్లో పనిచేసే వలస కూలీల్లో చాలామందికి ఇక్కడ ఓటే లేదు. సొంత ఊళ్లో ఓటుండీ పోలింగ్ రోజుకు వెళ్లలేరు. వాళ్ల షెడ్ల దాకా జెండా ఎంత తరచుగా వెళుతోందో పార్టీవాళ్లు తమను తాము అడగాలి. ద్రౌపది ఉపమానంలో వాన కంటే ముందుంది నాగలి.

పెద్దాయనతో నేనన్నదిదే. డబ్బున్న అభ్యర్థి గెలవాలనుకుంటే తప్పు పట్టం, సమర్థుడంటాం. బీదల పార్టీ గెలవాలనుకోగానే నిష్కామం గుర్తుచేస్తాం. కోరిక ఉన్నవాళ్లకు ఓటు, కోరిక లేనివాళ్లకు నమస్కారం! ఇది వాళ్లకు గౌరవం కాదండీ, మనకు వెసులుబాటు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే గీత వాళ్లకు వర్తించదంటావా అమ్మా?" అన్నారు. వర్తిస్తుంది, ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు, అన్నాను. జూన్ 4 లెక్కింపులో డిపాజిట్ పోయిందని తెలిశాక జూన్ 5న మళ్లీ కల్లానికి వెళ్లగలగడానికి కావాలి గీత. మే 13 పోలింగ్‌కు ముందు ఓటడగడానికి మాత్రం ద్రౌపదే కావాలి.

మా చీమకుర్తి బాపట్ల లోక్‌సభ కిందికి వస్తుంది. కాంగ్రెస్, కమ్యూనిస్టుల పొత్తులో ఆ సీటు కాంగ్రెస్‌కు వెళ్లింది, జె.డి. శీలం నిలబడ్డారు. కాబట్టి ఆ ఏడాది ఎంపీ ఓటు ఎర్రజెండాకు వేసే అవకాశం నాకు రాలేదు. వచ్చేసారి ఇక్కడ ఎవరైనా నిలబడితే వాళ్లను ముందుగా అడిగేది ఒక్కటే: గెలవాలని ఉందా?